దస్తావేజు ఎవరి పేర నున్నది?

"ప్రాజెక్టు" అను మాట ఈనాడు మన కళాశాలలో వినిపించినంతగా మరియొక మాట వినిపించుట లేదు. డిగ్రీ చివరి సంవత్సరమున కంప్యూటర్సు చదువు విద్యార్థినీ విద్యార్థులు నెలల తరబడి దాని ధ్యాసలోనే ఉందురు. నల్లని రెక్సిన్ అట్ట, దానిపై బంగారు రంగు అక్షరములు, లోపల ఎనుబది తొంబది పుటలు, చివరకు పరీక్షాధికారి ఎదుట పది నిమిషముల మౌఖిక పరీక్ష. అంతటితో ఆ పుస్తకము డిపార్టుమెంటు బీరువాలోనికి, ఆ ప్రోగ్రాము విద్యార్థి లాప్‌టాప్‌లో ఏదో ఒక మూలకు చేరును. మరుసటి సంవత్సరము ఆ లాప్‌టాప్ చెల్లెలి పాలగును, లేదా అమ్ముడుపోవును. వ్రాసిన ప్రోగ్రాము ఎవరికి ఉపయోగపడినదని అడుగువారు లేరు.

మన విజయవాడలో సిద్ధముగా చేసిన ప్రాజెక్టులను అట్టతో సహా అమ్ము దుకాణములు కూడ ఉన్నవి. గ్రంథాలయ నిర్వహణ, ఆసుపత్రి నిర్వహణ, బస్సు టిక్కెట్ల రిజర్వేషను, ఏ సంవత్సరము చూచినను ఇవే పేర్లు. ఈ వ్యాపారమునకు మూలము విద్యార్థుల సోమరితనమని కొందరు పెద్దలు అందురు. మేము అట్లు తలంచుట లేదు. ఎవరును ఉపయోగింపని వస్తువును తయారు చేయుటకంటె కొని తెచ్చుట తేలిక అని ఒక కుర్రవానికి తోచుటలో ఆశ్చర్యమేమున్నది? ఉపయోగించువారు పదిమంది ఉన్నారని తెలిసినచో ఆ కుర్రవాడే రాత్రింబవళ్లు కూర్చుండి పని చేయును. కావున మేము పాలకవర్గము వారికిని, విద్యార్థులకును విన్నవించుకొనునది ఒక్కటే. విద్యార్థులు వ్రాసిన వెబ్ అప్లికేషను ఏదైనను లాప్‌టాప్ దాటి బయటకు రావలెను. పదిమంది తెరచి చూచుటకు వీలుగా దానిని ఒక హోస్టింగు వేదికపై నిలుపవలెను. ఆ నిలుపుట ఎవరి పేర జరుగవలెనో కూడ ముందే తేల్చుకొనవలెను.

తెలుగు పంతులుకు సర్వర్లతో పని ఏమి అని చదువరులు అడుగవచ్చును. అడిగినారు కూడ. పని ఎట్లు కలిగినదో చెప్పెదము. మన విద్యార్థులు కొందరు గ్రంథాలయములోని తెలుగు, ఉర్దూ పుస్తకములకు ఒక పట్టిక తయారు చేసినారు. లాప్‌టాప్‌లో అక్షరములు ముత్యములవలె కనిపించినవి. బయటి సర్వరుపై పెట్టిన మరుక్షణము పుస్తకముల పేర్లన్నియు ప్రశ్నార్థకములుగా మారినవి. వరుసగా ప్రశ్నార్థకములు తప్ప మరేమియు లేవు. అప్పుడు మమ్మును, మా ఉర్దూ శాఖ మిత్రులను పిలిచినారు, ఇదేదో వ్యాకరణ దోషమేమో యన్నట్లు! వ్యాకరణ దోషము కాదు గాని అక్షర విషయమే. దానిని గూర్చి తరువాత వ్రాసెదము.

ముందుగా ఈ "క్లౌడ్" అను పేరు తప్పుదోవ పట్టించునది. మేఘము అనగానే ఆకాశమున తేలియాడు దేదో యని భ్రమ కలుగును. దానికి కాలువ అని పేరు పెట్టియుండినచో మన డెల్టా వాసులకు వెంటనే బోధపడెడిది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియగుటకు ముందు నది ప్రక్కనున్న రైతుకు సైతము నీరు నిశ్చయము కాదు. ఆనకట్ట వచ్చిన పిదప, దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన పిదప, రైతు చేయవలసినది తన పొలము బోదెను కాలువతో కలుపుకొనుట, శిస్తు కట్టుట మాత్రమే. గేట్లు ఎత్తుట, పూడిక తీయుట, గండ్లు పూడ్చుట అతని పని కాదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మన ఊరి నడుమనుండియే పోవుచున్నవి. వాటిని చూచుచు పెరిగిన పిల్లలకు హోస్టింగు వేదిక అనగా నేమో చెప్పుటకు ఇంతకంటె వేరు ఉపమానము అక్కరలేదు. యంత్రములు వారివి, విద్యుత్తు వారిది, మరమ్మతులు వారివి. ప్రోగ్రాము మనది.

ఈ కాలువల త్రవ్వకము 2006 ప్రాంతమున మొదలైనది. ఆ సంవత్సరము అమెజాన్ సంస్థ తన కంప్యూటర్లను, నిల్వ స్థలమును గంటల లెక్కన అద్దెకిచ్చుట ఆరంభించినది. 2007లో స్థాపితమైన హెరోకు, 2008లో గూగుల్ యాప్ ఇంజన్ మరియొక అడుగు ముందుకు వేసినవి. యంత్రము సంగతి మీకు పట్టనక్కరలేదు, ప్రోగ్రాము పంపుడు, నడుపుట మా వంతు అన్నవి. లినస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన "గిట్" అను సాధనముతో ఒక్క ఆజ్ఞ ఇచ్చినచో విద్యార్థి వ్రాసినదంతయు అటు చేరిపోవును. అద్దెకిచ్చు యంత్రములు ఇప్పుడు దూరదేశములలో మాత్రమే లేవు. అమెజాన్ వారి కేంద్రము 2016లో ముంబైలోను, 2022 నవంబరులో హైదరాబాదులోను తెరువబడినది. విశాఖపట్నమున ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లతో కేంద్రము నిర్మింతుమని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించినది. మేఘము మన జిల్లాల మీదికే వచ్చినదన్న మాట. మన విద్యార్థి వ్రాసిన ఒక చిన్న ప్రోగ్రాము మాత్రము ఇంకను రెక్సిన్ అట్టలోనే ఉన్నది.

నమోదు చేసికొనుట, నిలుపుట చూచుటకు చాల తేలిక. ఈమెయిల్ ఇచ్చి ఖాతా తెరచుట, ఫోనుకు వచ్చిన అంకెలు వేయుట, గిట్‌హబ్ వంటి చోట దాచుకొన్న ప్రోగ్రామును ఆ ఖాతాతో కలుపుట, ఒక మీట నొక్కుట. అటుపిమ్మట వేదిక ఆ ప్రోగ్రామునకు కావలసిన సామగ్రి జాబితా చదివి, ఆ సామగ్రి తెచ్చుకొని, కూర్చి, నడుపును. కాని మొదటి ప్రయత్నమున నడచినది మేము చూడలేదు. ప్రతి విద్యార్థియు చెప్పు మాట ఒక్కటే: "నా లాప్‌టాప్‌లో బాగానే నడిచింది సార్!" ఆ మాట అబద్ధము కాదు. అక్కడ నడచుటకును ఇక్కడ నడువకుండుటకును గల భేదమే అసలు చదువు.

లాప్‌టాప్‌లో ఎప్పుడో స్థాపించుకొన్న ఒక సాధనము జాబితాలో వ్రాయుట మరచినారు. సర్వరుకు అది తెలియదు. తన యంత్రమునందు "లోకల్‌హోస్ట్" అను ఇంటి చిరునామాలోనే తలుపు తెరచి కూర్చున్నారు. బయటివారు వచ్చుటకు వేదిక చూపిన తలుపు వేరు. ఒక బొమ్మకు పేరు పెద్ద ఆంగ్లాక్షరముతో మొదలుపెట్టి, ప్రోగ్రాములో చిన్న అక్షరముతో పిలిచినారు. విండోస్ యంత్రము ఈ భేదమును క్షమించును, సర్వర్లలో ఎక్కువగా నడచు లినక్స్ క్షమింపదు. (తెలుగున గాని ఉర్దూలో గాని పెద్ద చిన్న అక్షరముల బాధ లేదని మా ఉర్దూ మిత్రులు నవ్వినారు.) విద్యార్థులు చేర్చిన పుస్తకముల అట్టల ఫోటోలు సాయంత్రము వరకు ఉండి మరునాటికి మాయమైనవి. దయ్యము పని కాదు. ఇట్టి వేదికలు చాల వరకు ప్రోగ్రామును తిరిగి ఆరంభించినప్పుడెల్ల పలకను తుడిచి క్రొత్తగా మొదలుపెట్టును. నిలువ ఉండవలసినవి డేటాబేసులోనో, వేరు నిల్వ స్థలములోనో పెట్టవలెను. పాస్‌వర్డులను ప్రోగ్రాములోనే వ్రాసి, ఆ ప్రోగ్రామును లోకమందరు చూచు చోట పెట్టుట అన్నిటికంటె ప్రమాదము. ఇంటి తాళపుచెవిని గుమ్మమునకు వ్రేలాడదీసి ఊరికి పోవుట వంటిది. అట్టి తాళపుచెవులను వెదకుటకే యంత్రములను నడుపు దొంగలున్నారు. వారు ఆ ఖాతాపై తమ పనులు చేసికొని బిల్లు మాత్రము ఖాతాదారునకు మిగిల్తురు. రహస్యములను వేదికలోనే విడిగా దాచుటకు ఏర్పాటు ఉన్నది. దానిని మొదటి దినముననే నేర్పవలెను.

ఇక అక్షరముల సంగతి. యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చినప్పుడే తెలుగునకు అందు స్థానము దొరకినది. నేడు వాడుకలో ఉన్న యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక ఆంగ్లాక్షరమునకు 1 బైటు, ఉర్దూ అక్షరమునకు 2 బైట్లు, తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును. గుణింతము, పొల్లు వేరు వేరు సంకేతములు. "షేక్ అబ్దుల్ రహీమ్" అను పేరును ఆంగ్లమున వ్రాసినచో 18 బైట్లు. తెలుగున వ్రాసినచో నడుమ ఖాళీలతో కలిపి 50 బైట్లు. పేరునకు 30 బైట్లు చాలునని ఎవరో ఎక్కడో నిర్ణయించినచో ఆ పేరు నడుమ తెగిపోవును. డేటాబేసును ఐరోపా అక్షరములకు మాత్రమే సరిపడు పాత పద్ధతిలో తెరచినచో తెలుగంతయు ప్రశ్నార్థకములగును. మన పట్టికకు జరిగినది అదియే. ఉర్దూ పంక్తి కుడినుండి ఎడమకు పోవును గదా, దాని నడుమ ఒక పుస్తకము నంబరు, ఒక ఆంగ్ల పదము పడినచో వాటి స్థానములు తారుమారగును. ప్రోగ్రాములో దిక్కు చెప్పుట ఒక చిన్న మాటతో అగు పని. కాని చెప్పవలెనని తెలిసినవాడు ఉండవలెను. 2022లో మన రాష్ట్రమున ఉర్దూను రెండవ అధికార భాషగా చట్టము చేసినారు. చట్టమును తెరపైకి తెచ్చునది మాత్రము ఇట్టి చిన్న మాటలే.

పేర్ల సంగతి ఇంకను చిక్కు. విదేశములలో తయారైన నమూనాలను చూచి మనవారు దరఖాస్తులో "మొదటి పేరు", "చివరి పేరు" అని రెండు గడులు పెట్టుచున్నారు. మన డెల్టాలో షేక్, సయ్యద్, మహమ్మద్ అనునవి ఇంటిపేరువలె ముందు వచ్చును. మొదటి పేరు అని అడిగినచో ఒక విద్యార్థి షేక్ అని వ్రాయును, మరియొక విద్యార్థి ఆ మాటనే చివరి గడిలో వ్రాయును. షేక్ అను మాటను ఆంగ్లమున ఒక కాగితముపై ఐదక్షరములతో, మరియొక కాగితముపై ఆరక్షరములతో, ఇంకొక దానిపై రెండు పొడి అక్షరములతో వ్రాసియుందురు. పదవ తరగతి మార్కుల జాబితాలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, బ్యాంకు పుస్తకములో ఒకటి. ఈ భేదము వలన ఉపకారవేతనము నెలల తరబడి ఆగిన విద్యార్థులు మన తరగతులలోనే ఉన్నారు. ఆ దరఖాస్తు పుటను తయారుచేసిన ఇంజనీరు దుర్మార్గుడు కాడు. అతడు తన గదిలో కూర్చుండి పరీక్షించినప్పుడు ఏదో ఒక చిన్న ఆంగ్ల పేరు వ్రాసి చూచుకొని యుండును, అది నడచి యుండును. మన విద్యార్థి తన ప్రోగ్రామును బయట నిలిపి, తోటి విద్యార్థుల నలుబది పేర్లు అందులో పడునట్లు చేసినచో ఈ విషయము ఒక్క దినములో నేర్చుకొనును. రేపు అతడే ఒక ప్రభుత్వ కార్యాలయమునకో, బ్యాంకునకో ప్రోగ్రాము వ్రాయబోవును గదా!

కాలము కూడ మోసము చేయును. సర్వర్లు సాధారణముగా ప్రపంచ ప్రామాణిక కాలమున నడచును. అది మన గడియారమునకు ఐదున్నర గంటలు వెనుక. దరఖాస్తునకు చివరి తేదీ 31 అనుకొనుడు. ఒకటవ తేదీ తెల్లవారుజామున 3 గంటలకు పంపినవాని దరఖాస్తుపై సర్వరు 31వ తేదీ రాత్రి 9.30 అని ముద్ర వేయును. ఆలస్యముగా పంపినవాడు సకాలమున పంపినట్లగును. లాప్‌టాప్‌లో ఇది ఎన్నడును బయటపడదు, లాప్‌టాప్ మన ఊరి గడియారమునే చూచును గనుక.

ఇంత శ్రమ ఎందుకు, కార్యాలయములో ఒక కంప్యూటరు కొని అందులోనే నడుపరాదా అని పాలకవర్గములోని ఒక పెద్ద అడిగినారు. ప్రశ్న సమంజసమైనదే. దానికి సమాధానము మేము చెప్పుటకంటె 2024 సెప్టెంబరు 1వ తేదీ చెప్పుచున్నది. ఆనాడు బుడమేరు పొంగి అజిత్ సింగ్ నగర్, పాయకాపురము, న్యూ రాజరాజేశ్వరీపేట దినముల తరబడి నీట మునిగినవి. మరునాడు ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి పాత లెక్కలను దాటినది. ఆ ఇండ్లలో తడిసిన సర్టిఫికెట్లను మేడలమీద ఆరబెట్టుకొన్న తల్లిదండ్రులను మనము ఎరుగుదుము. అంతకు ముందు 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన. ఆ రాత్రి పోయినవి ప్రాణములు. కాగితములను గూర్చి అడిగినవారు లేరు. కాని తరువాతి సంవత్సరములలో బ్రతికి బయటపడినవారికి ఆ కాగితముల అక్కరయు కలిగినది. నేల అంతస్తు గదిలో ఒక్క యంత్రమునందు ఒక్క ప్రతిని పెట్టుకొనుట డెల్టాలో వివేకము కాదు. కరెంటు పోవుట, నెట్టు తెగుట సరేసరి.

రెండవ అభ్యంతరము ఇంకను బలమైనది. మన పిల్లల వివరములు పరాయి సంస్థల చేతికి ఇయ్యవచ్చునా? ఇయ్యకుండుటయే మేలైన వివరములు చాల ఉన్నవి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ప్రకారము, వివరములు ఎవరి యంత్రముపై నున్నను వాటిని ఎందుకు, ఎట్లు వాడవలెనో నిర్ణయించినవారిదే బాధ్యత. పదునెనిమిదేండ్లు నిండని వారి విషయమున తల్లిదండ్రుల అనుమతి కావలెను. మన ఇంటర్మీడియట్ విద్యార్థులందరు దాదాపు ఆ కోవలోనివారే. కావున అడుగుట తగ్గింపవలెను. గ్రంథాలయమునకు ఆధార్ సంఖ్యతో పని లేదు, తండ్రి వృత్తితో పని లేదు. పేరు, తరగతి, రోల్ నంబరు చాలును. వేదికను ఎంచుకొనునప్పుడు భారతదేశములోని కేంద్రమున ఉంచు వీలున్నదా అని చూచుకొనవలెను. ఇవి చాలని వివరములను, ఉదాహరణకు ఆరోగ్య విషయములను, ఫీజు బకాయిలను, విద్యార్థి ప్రాజెక్టులోనికి రానీయరాదు. ఇందు మాకు రెండవ అభిప్రాయము లేదు.

ఇక అసలు విషయమునకు వచ్చెదము. ఇల్లు కట్టునప్పుడు తాపీ మేస్త్రీ పేర రిజిస్ట్రీ చేయించువారు ఉందురా? వెబ్‌సైట్ల విషయమున మన సంస్థలు చేయుచున్నది అదియే. ఈ డెల్టాలోని ఒక కళాశాల సంగతి మాకు తెలియును. వెబ్‌సైటు చేసిపెట్టినవాడు తన ఈమెయిల్ మీదనే చిరునామా నమోదు చేసినాడు, తన ఖాతాలోనే హోస్టింగు తీసికొన్నాడు. కొంతకాలమునకు ఊరు విడిచిపోయినాడు, ఫోను నంబరు మారినది. వార్షిక రుసుము కట్టుమని వచ్చిన జాబులు అతని పాత ఈమెయిల్‌కు పోయినవి. గడువు తీరినది, మరి కొన్ని వారముల అదనపు గడువు కూడ తీరినది. ఆపైన ఆ చిరునామాను ఎవరైన కొనవచ్చును, కొన్నారు. ప్రవేశముల కాలమున ఒక తండ్రి ఆ చిరునామా తెరచినచో జూదపు ప్రకటనలు కనిపించినవి. గోడమీద, కరపత్రములమీద, రసీదులమీద అచ్చువేయించిన చిరునామా అది! కళాశాల ఎవరిమీద ఫిర్యాదు చేయును? దస్తావేజులో తన పేరే లేదు.

చిరునామా అనునది అంత విలువైనది కనుకనే రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులన్నియు ".బ్యాంక్.ఇన్" అను ప్రత్యేక చిరునామాలకు ఆ ఏడు అక్టోబరు 31 లోపల మారవలెనని ఆదేశించినది. వాటిని నమోదు చేయు అధికారము మన తెలుగు నేలమీది హైదరాబాదులోనున్న ఐ.డి.ఆర్.బి.టి. సంస్థకే ఇచ్చినది. ఏ దుకాణములోనైనను కొనుటకు వీలులేని చిరునామా దొంగకు దొరకదని ఉద్దేశము. విద్యాసంస్థలకు ఇట్టి ఏర్పాటు ముందునుండియే ఉన్నది. ".ఏసీ.ఇన్", ".ఈడీయు.ఇన్" అను చిరునామాలను ఎర్నెట్ ఇండియా అను కేంద్ర ప్రభుత్వ సంస్థ నమోదు చేయును, విద్యాసంస్థ యని పత్రములు చూపనిదే ఇయ్యరు. కొంత జాప్యమగును, సంతకములు కావలెను, ముద్ర కావలెను. ఆ జాప్యమే మనకు రక్షణ. తెలుగు లిపిలో ".భారత్" అను చిరునామా కూడ లభించును, ఉర్దూ లిపిలోను కలదు. ఫోనులో దానిని కొట్టి వెదకువారు తక్కువే యని మాకు తెలియును. అయినను మన పత్రికా శీర్షిక క్రింద మన లిపిలో ఒక చిరునామా అచ్చుపడిన చూడవలెనని మాకు ఆశ.

చిరునామా ఒక దస్తావేజు కాగా, హోస్టింగు ఖాతా రెండవది, ప్రోగ్రాము మూలప్రతి మూడవది. మూడును కళాశాల పేరనే ఉండవలెను. ప్రిన్సిపాలు గారి సొంత ఈమెయిల్ మీద కాదు, కార్యాలయపు ఈమెయిల్ మీద. ప్రిన్సిపాళ్లు మారుదురు, లెక్చరర్లమైన మేమును మారుదుము. తాళపుచెవులు కనీసము ఇద్దరి వద్ద ఉండవలెను. ఏ చిరునామా ఎప్పుడు ముగియునో స్టాకు రిజిస్టరులో కుర్చీలు, బల్లలతో పాటు ఎక్కింపవలెను. విద్యార్థి పేరు ఏమగును అని విద్యార్థులు బెంగపడనక్కరలేదు. గిట్‌లో ఏ పంక్తిని ఎవరు ఏ దినమున వ్రాసినారో నమోదగుచునే యుండును. రెక్సిన్ అట్టమీది బంగారు అక్షరములకంటె అది గట్టి సాక్ష్యము. ఉద్యోగమునకు పోయినప్పుడు చూపుటకు నడచుచున్న చిరునామా ఒకటి చేతిలో ఉండును.

ఉచిత వేదికలు ఉండగా డబ్బెందుకను ప్రశ్న మిగిలినది. ఉచితము అభ్యాసమునకు మంచిదే, విద్యార్థులు అక్కడనే మొదలుపెట్టవలెను. కాని ఉచిత ఖాతాలో ప్రోగ్రాము కొంతసేపు ఎవరును రానిచో నిద్రపోవును. తరువాత తలుపు తట్టినవాడు నిమిషము దాక నిలువవలసి వచ్చును. మాటిచ్చినంత కాలము ఉండునన్న నమ్మకమును లేదు. హెరోకు ఎన్నో ఏండ్లు ఉచిత సేవ నడపి, 2022 నవంబరు 28న దానిని నిలిపివేసినది. మూడు నెలల ముందు ప్రకటన చేసినమాట నిజమే. ప్రపంచమంతట విద్యార్థులు పెట్టుకొన్న చిన్న చిన్న అప్లికేషన్లలో ఎవరును పట్టించుకొననివి దానితో ఆగిపోయినవి. సంస్థను నిందించి లాభము లేదు. ఉచితముగా వచ్చు నీటికి వంతు అడుగు హక్కు రైతుకు ఉండదు. డబ్బు కట్టుదమన్నను విద్యార్థికి దారి సుగమము కాదు. ఆటోనగరులో మెకానిక్కుగా పని చేయు తండ్రి ఇంట క్రెడిట్ కార్డు ఉండదు. ఉన్నను, 2021 అక్టోబరు 1 నుండి రిజర్వు బ్యాంకు నిబంధనల వలన ప్రతినెల దానంతట అది కోతపడు చెల్లింపులకు ముందుగా ప్రత్యేక అనుమతి నమోదు కావలెను. విదేశీ సంస్థలకు పోవు చెల్లింపులు అట్లు చాల తిరిగివచ్చినవి. ఈ పని కళాశాల కార్యాలయము చేయదగినది, విద్యార్థి చేయదగినది కాదు. ఖర్చు ఎంత? చిన్న అప్లికేషనుకు సాధారణముగా నెలకు ఐదు నుండి ఏడు డాలర్లు, అనగా ఏడాదికి ఐదు మొదలు ఎనిమిది వేల రూపాయలు. చిరునామాకు మరి కొంత. ఒక తరగతి మొత్తము రెక్సిన్ అట్టలకు పెట్టు ఖర్చు దీనికి తీసిపోదు. ఆ అట్టల నిబంధనను విశ్వవిద్యాలయము ఎత్తివేయుదాక మనము వాటిని మానలేము, అది వేరు సంగతి.

ప్రస్తుతమునకు మా కోరిక చిన్నది. గ్రంథాలయ పట్టిక ఇప్పుడు చక్కగా నడచుచున్నది. ప్రశ్నార్థకములు పోయినవి, ఉర్దూ పంక్తులు తమ దిక్కున తాము పోవుచున్నవి. వ్రాసిన విద్యార్థులు ఈ వేసవిలో వెళ్లిపోవుదురు. అది ఇంకను వారిలో ఒకరి సొంత ఖాతాలోనే, ఉచిత సేవలోనే ఉన్నది. దానిని కార్యాలయపు ఖాతాకు మార్చుటకును, ఎర్నెట్ వద్ద చిరునామాకు దరఖాస్తు పెట్టుటకును అనుమతి కోరుచు తెలుగు, ఉర్దూ, కంప్యూటర్సు శాఖలు మూడును సంతకములు చేసిన ఉత్తరము పాలకవర్గమునకు చేరినది. జూనులో క్రొత్త విద్యార్థులు వచ్చుటకు ముందు, ఆ ఖాతా పాస్‌వర్డు తెలిసిన విద్యార్థి రైలు ఎక్కుటకు ముందు, దానిపై ఒక సంతకము పడవలసి యున్నది.